యూఎస్ఏస్పెండింగ్ డాట్ గవ్ రివ్యూ: మన ప్రాజెక్టు డబ్బు లెక్క మనమే చూసుకోవచ్చు

సెప్టెంబరు మూడో వారం వచ్చిందంటే మా టీమ్‌లో పని కంటే గుసగుసలే ఎక్కువ. అమెరికాలో ఫెడరల్ ప్రాజెక్టుల్లో కాంట్రాక్టు మీద పనిచేసే మనవాళ్లకి దీని సంగతి చెప్పక్కర్లేదు: ఆప్షన్ ఇయర్ (కాంట్రాక్టుని ఇంకో ఏడాది పొడిగించడం) ఇస్తారా ఇవ్వరా, ఇవ్వకపోతే కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే అక్టోబరు 1 నుంచి బెంచ్ మీదేనా, అంటే ప్రాజెక్టు లేకుండా కూర్చోవడమేనా అని టెన్షన్. రెండేళ్ల క్రితం మా వెండర్ (నన్ను ప్రాజెక్టుకి పంపిన కంపెనీ) మేనేజర్‌కి ఫోన్ చేసి అడిగితే, "ఇంకా ఏమీ తెలీదండీ, క్లయింట్ నుంచి కబురు రాలేదు, ఎందుకైనా మంచిది రెజ్యూమె ఒకసారి పంపండి, ఈసారి రేటు కూడా కాస్త తగ్గించుకోవాల్సి రావచ్చు" అన్నాడు. ఆ రాత్రి నిద్రపట్టక ఈ సైటు తెరిచి మా కాంట్రాక్టు నంబరు కొట్టాను. ట్రాన్సాక్షన్ హిస్టరీలో నాలుగు రోజుల క్రితం తేదీతో కొత్త వరస ఒకటి కనిపించింది. మోడిఫికేషన్ (కాంట్రాక్టులో చేసిన మార్పు) నంబరు పీ00007, యాక్షన్ టైప్ దగ్గర 'ఎక్సర్‌సైజ్ యాన్ ఆప్షన్', అంటే పొడిగింపు ఇచ్చేశారని, పక్కనే మొత్తం. పొద్దున్నే స్క్రీన్‌షాట్ తీసి మేనేజర్‌కి పంపాను. రేటు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

అప్పట్నుంచీ నేను దీనికి అభిమానినే, అయితే గుడ్డి అభిమానిని కాదు.

ఇంతకీ ఇదేంటంటే, అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఏ కాంట్రాక్టుకి, ఏ గ్రాంటుకి, ఏ అప్పుకి ఎంత డబ్బు ఇచ్చిందో చూపించే సైటు. లాగిన్ లేదు, ఫీజు లేదు. 2006లో చట్టం చేస్తే 2007 డిసెంబరులో వచ్చింది. అసలు మార్పు మాత్రం 2014 నాటి డేటా చట్టంతో వచ్చింది, దాని ప్రకారం తయారైన కొత్త సైటు 2017 మేలో తెరుచుకుంది. అంతకుముందు ఒక్కో శాఖ ఒక్కో పదాన్ని తనకి తోచిన అర్థంలో వాడేది, దాంతో ఏ రెండు శాఖల లెక్కలు పక్కపక్కన పెట్టినా కలిసేవి కావు. కొత్త చట్టం వచ్చాక 57 అంశాలకి అందరికీ ఒకే నిర్వచనం రాశారు, అదీ నాలుగు గోడల మధ్య కూర్చుని కాకుండా, ముసాయిదాలు ఆన్‌లైన్‌లో పెట్టి బయటివాళ్ల అభిప్రాయాలు తీసుకుంటూ. సైటు కోడ్ కూడా ఓపెన్ సోర్సే, ఏపీఐ (మన ప్రోగ్రాముతో నేరుగా డేటా తెచ్చుకునే దారి) ఉచితం. టెస్టింగ్‌లో పదేళ్లుగా ఉన్న మనిషిగా చెబుతున్నా, సైటులో రంగురంగుల చార్టుల కంటే ఎవరికీ కనిపించని ఈ నిర్వచనాల పనికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. రెండు శాఖలు ఒక మాటకి ఒకే అర్థం ఒప్పుకునేలా చెయ్యడం ఎంత నరకమో మీటింగుల్లో కూర్చున్నవాళ్లకే తెలుసు.

కొత్తగా చూసేవాళ్లు పప్పులో కాలేసేది మొత్తాల దగ్గర. ఒకే కాంట్రాక్టు పేజీలో నాలుగు అంకెలు ఉంటాయి. ఆబ్లిగేటెడ్ అంటే ప్రభుత్వం ఇస్తానని కట్టుబడిన సొమ్ము, అవుట్‌లేడ్ అంటే నిజంగా చేతులు మారిన సొమ్ము, కరెంట్ అంటే ఇప్పటిదాకా ఖాయమైన ఆప్షన్లతో కలిపిన విలువ, పొటెన్షియల్ అంటే ఆప్షన్లన్నీ వాడుకుంటే చేరే గరిష్ఠం. ఈ చివరిది చూసి "అమ్మో, ఇన్ని కోట్ల డాలర్లా!" అని వాట్సాప్‌లో పోస్టులు పెట్టేవాళ్లని చూశాను, అందులో సగం ఇంకా గాల్లో ఉన్న డబ్బేనని వాళ్లకి తెలియదు. అర్థాలు చెప్పడానికి గ్లాసరీ బటన్ ఉంది, దాన్ని నొక్కేవాళ్లే తక్కువ.

ఇక విసుగొచ్చేది డిస్క్రిప్షన్. పని ఏంటో ఒక్క వాక్యంలో చెప్పమంటే, పాత కాంట్రాక్టులు చాలావాటికి అక్కడ 'ఐజీఎఫ్, రెండు కోలన్లు, ఓటీ, మళ్లీ రెండు కోలన్లు, ఐజీఎఫ్' అని ఉంటుంది. పని ఏ కోవకి వస్తుందో లోపలివాళ్లు గుర్తుపెట్టుకోడానికి వేసుకున్న కోడ్ అది. బయటివాడికి దాని తలా తోకా తెలియదు. డేటాని బయటపెట్టడం వేరు, అర్థమయ్యేలా బయటపెట్టడం వేరు అని నాకు ఆ ఒక్క గడి చూశాకే తట్టింది.

సబ్ అవార్డుల ట్యాబ్ మీద మరీ ఆశలు పెట్టుకోకండి. ప్రైమ్ కంపెనీ, అంటే ప్రభుత్వంతో నేరుగా కాంట్రాక్టు ఉన్నది, తన కింద నేరుగా ఉన్న సబ్ కాంట్రాక్టర్ల వరకే చెప్పాలి. మాది ప్రైమ్ కింద సబ్, ఆ కింద మా వెండర్, ఆ కింద నేను. అంటే నా దాకా వచ్చేసరికి డాలర్ కాస్తా చీకట్లోకి జారుకుంటుంది, మధ్యలో ఎవరెంత మిగుల్చుకున్నారో ఈ సైటు చెప్పదు, నేను ఎక్కువగా చూడాలనుకున్నదేమో అదే. కనిపించే సబ్ డేటాలో కూడా ఒకే ఎంట్రీ రెండుసార్లు రావడం, నమ్మశక్యం కాని మొత్తాలు ఉండటం జరుగుతోందని అమెరికా పార్లమెంటు తరఫున ఆడిట్ చేసే జీఏఓ కూడా చెప్పింది. ఇంకొకటి, మీది రక్షణ శాఖ కాంట్రాక్టు అయితే నా ట్రిక్కు పనిచెయ్యదు, వాళ్ల లావాదేవీలు 90 రోజులు ఆలస్యంగా కనిపిస్తాయి.

తప్పు కనబడితే మనం దిద్దించలేం. మా కాంట్రాక్టుకి పని జరిగే చోటు వేరే రాష్ట్రం అని పడింది. దాన్ని మార్చాల్సింది సైటువాళ్లు కాదు, డేటా పంపిన శాఖలోని కాంట్రాక్టింగ్ ఆఫీసర్. ఆ ఆఫీసుకి రెండు మెయిళ్లు పెట్టాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. పేజీలోనే 'ఈ గడి తప్పు' అని జెండా ఎగరేసే బటన్ ఉంటే, ఆ జెండా అందరికీ కనిపిస్తే, ఆ మెయిళ్లకి జవాబు వచ్చేదని నా గట్టి నమ్మకం.

ఊరికే అనడం లేదు. 2009 జూన్‌లో ఐటీ డాష్‌బోర్డ్ అని ఇంకో సైటు పెట్టారు. ఫెడరల్ ప్రభుత్వానికి మొదటి సీఐఓ (ఐటీ వ్యవహారాల ముఖ్య అధికారి) అయిన వివేక్ కుంద్రా హయాంలో, ఢిల్లీలో పుట్టినవాడే. పెద్ద ఐటీ ప్రాజెక్టులన్నిటికీ పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసి, పక్కన ఆ శాఖ సీఐఓ ఫొటో పెట్టారు. ఎరుపు రంగు పక్కన సొంత మొహం చూసుకోవాలంటే ఎవరికైనా కష్టమే కదా. మరుసటి నెలలోనే వెటరన్స్ శాఖ గడువు దాటినవీ బడ్జెట్ మించినవీ 45 ప్రాజెక్టులు తాత్కాలికంగా ఆపింది. 2010 జనవరి నుంచి టెక్‌స్టాట్ పేరుతో ఆ డేటా ముందేసుకుని సంబంధిత అధికారులంతా ఒకే గదిలో కూర్చోవడం మొదలైంది. యూఎస్ఏస్పెండింగ్‌లో ఆ మొహమే లేదు. డబ్బు కనిపిస్తుంది, కాంట్రాక్టు కంపెనీ పేరు కనిపిస్తుంది, అడిగితే జవాబు చెప్పే మనిషి మాత్రం కనిపించడు.

నా రేటింగ్ 5కి 3.5. ఆ తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి సబ్ అవార్డులకి, అర ఆ కోలన్ల డిస్క్రిప్షన్‌కి. వాడదామనుకునేవాళ్లు ముందు కాంట్రాక్టు నంబరు సంపాదించండి, మేనేజర్ ఇవ్వకపోతే ప్రైమ్ కంపెనీ పేరు, శాఖ పేరు ఫిల్టర్లలో పెట్టి వెతికినా దొరుకుతుంది. పేజీ బుక్‌మార్క్ చేసుకుని సెప్టెంబరు 20 నుంచి రోజూ ఒకసారి ట్రాన్సాక్షన్ హిస్టరీ చూడండి. మొత్తం ముందు మైనస్ గుర్తు ఉంటే కట్టుబడిన డబ్బులో కొంత వెనక్కి తీసుకున్నారని, అలాంటిది వరసగా రెండుసార్లు పడితే మాత్రం రెజ్యూమె నిజంగానే అప్‌డేట్ చేసుకోండి.