డీలర్ మీటింగ్‌కి హాలు: ఏళ్ల తరబడి బుక్ చేశాక నా సమీక్ష

విజయవాడలోని ఒక వ్యవసాయ మందుల కంపెనీలో మీటింగుల ఏర్పాట్లు చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. ఖరీఫ్ ముందు ఒకసారి, రబీ ముందు ఒకసారి డీలర్ల సమావేశాలుంటాయి. మధ్యలో సేల్స్ రివ్యూలు, ఇంటర్వ్యూలు వస్తుంటాయి. స్టార్ హోటళ్లు, మామూలు హోటళ్ల ఏసీ హాళ్లు, వ్యాపార సంఘాల ఆడిటోరియాలు, గంటల లెక్కన ఇచ్చే కోవర్కింగ్ గదులు అన్నీ వాడాం. ఫలానా హోటల్ మంచిది, ఫలానాది కాదు అని ఇక్కడ చెప్పను. ఏ రకం చోటు ఏ మీటింగ్‌కి పనికొచ్చిందో చెబుతాను.

హాలు వెతికే ముందు నేను వచ్చేవాళ్ల జాబితా తీసుకుని ఎవరు ఎక్కడ దిగుతారో రాసుకుంటాను. హైదరాబాద్‌లో మీటింగ్ అంటే మా మేనేజర్లు మొదట అడిగేది హైటెక్ సిటీయే. హాళ్లు కొత్తవి, చూడ్డానికి బాగుంటాయి. కానీ నల్గొండ, మహబూబ్‌నగర్ డీలర్లు ఎంజీబీఎస్‌లో బస్సు దిగుతారు, వరంగల్ వైపు వాళ్లు సికింద్రాబాద్‌లో రైలు దిగుతారు. ఎంజీబీఎస్ నుంచి ఎర్ర లైను మెట్రో ఎక్కితే లక్డీకాపూల్, ఖైరతాబాద్, అమీర్‌పేట మారకుండా వస్తాయి. సికింద్రాబాద్ నుంచి నీలం లైనులో బేగంపేట, అమీర్‌పేట అంతే సులువు. అదే హైటెక్ సిటీ అయితే ఎంజీబీఎస్‌లో దిగినవాళ్లు అమీర్‌పేటలో మారాలి, స్టేషన్ దిగాక మళ్లీ ఆటో వెతుక్కోవాలి. తెల్లవారుజామున ఊళ్లో బయలుదేరిన మనిషికి ఆ చివరి అరగంట చాలా బరువు. అందుకే డీలర్ మీటింగ్‌కి లక్డీకాపూల్ నుంచి బేగంపేట దాకా ఉన్న ప్రాంతాన్నే ఎంచుకుంటాను. అక్కడ హాలు కొంచెం పాతదైనా పదింటికల్లా కుర్చీలు నిండుతాయి.

విమానంలో వచ్చే ఇతర రాష్ట్రాల డిస్ట్రిబ్యూటర్ల లెక్క వేరు. శంషాబాద్ నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలికి నేరుగా వస్తారు కాబట్టి వాళ్లకు పడమటి వైపే నయం. అక్కడి పెద్ద సమావేశ కేంద్రం హెచ్ఐసీసీకి నోవోటెల్ హోటల్ ఆనుకునే ఉంది కాబట్టి బస, సమావేశం ఒకే ఆవరణలో అయిపోతాయి. 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగిన చోటు అది. నూటయాభై మంది డీలర్లకు అంత పెద్ద ఆవరణ అవసరం లేదు. విజయవాడలో ఇంత ఆలోచన అక్కర్లేదు, బస్టాండ్ నుంచి బెంజ్ సర్కిల్ లోపు బందరు రోడ్డు మీద ఎక్కడైనా సరే.

తర్వాత పంచాంగం చూస్తాను. మన దగ్గర హాళ్ల రేట్లు నడిపేది ముహూర్తాలే. ఖరీఫ్ మీటింగ్ మే నెలలో పడుతుంది, అది పెళ్లిళ్ల సీజన్. అప్పుడు కంపెనీ మీటింగ్ అంటే హోటల్ వాళ్లు పెద్దగా పట్టించుకోరు. రాత్రి రిసెప్షన్ ఉంది, మూడింటికల్లా ఖాళీ చేయాలని షరతు పెడతారు. స్టేజీ డెకరేషన్ వాళ్లు రెండింటికే తలుపు దగ్గర నిలబడతారు. రబీ మీటింగ్ భాద్రపదంలో పడితే అదే హాలు వాళ్లే బతిమాలి ఇస్తారు. ఆషాఢం, పుష్యం, మౌఢ్యమి రోజులూ అంతే. 2023లో అధిక శ్రావణం వచ్చి జూలై చివర్లో, ఆగస్టు మొదట్లో హాళ్లు ఖాళీగా ఉన్నాయి. నిజ శ్రావణం రాగానే మళ్లీ దొరకలేదు. తేదీ మన చేతిలో ఉంటే ముహూర్తం లేని రోజు అడగండి. రేటు తగ్గడంతో పాటు సాయంత్రం దాకా హాలు కూడా మనదే అవుతుంది. తేదీ కుదిరాక రాహుకాలం కూడా చూస్తాను. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా కొత్త మందు విడుదల చేయడం చాలామంది డీలర్లకు నచ్చదు. అదే రోజు మధ్యాహ్నం నమాజుకు వెళ్లేవాళ్లుంటారు. శుక్రవారం వదిలేస్తే రెండు ఇబ్బందులూ ఉండవు.

హాలు చూడ్డానికి వెళ్తే అందులో వేరే కార్యక్రమం నడుస్తున్నప్పుడు వెళ్లాలి. ఖాళీ హాలు అన్నీ దాచేస్తుంది. జనం నిండాక ఏసీ ఆనుతుందా, వెనక వరుసకు మాట వినిపిస్తుందా, స్తంభం వెనక ఎన్ని కుర్చీలు పడుతున్నాయి అన్నవి అప్పుడే తెలుస్తాయి. అన్నిటికంటే ముఖ్యం మధ్య గోడ. పెద్ద హాలును మడత తలుపులతో రెండుగా చేసి అమ్మే హోటళ్లు చాలా ఉన్నాయి. ఒక హోటల్లో మా టెక్నికల్ మేనేజర్ మిర్చి తామర పురుగు గురించి చెబుతుంటే, పక్క సగంలో సంగీత్ కోసం డీజే సౌండ్ చెక్ మొదలైంది. తగ్గించమని ఎంత అడిగినా పది నిమిషాలకు మించి ఆగలేదు. గుంటూరు నుంచి వచ్చిన రైతు డీలర్లు ఆ సీజన్‌కి బాగా అవసరమైన మాట వినకుండానే భోజనానికి లేచారు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. ఇప్పుడు ముందుగా అడిగే ప్రశ్న ఇదే: పక్క హాలు ఎవరికిచ్చారు, ఏ టైముకి?

కెపాసిటీ అంకెల్నీ అలాగే విడదీసి అడగాలి. రెండొందల మంది పడతారంటే అది కుర్చీలు మాత్రమే వేసే థియేటర్ స్టైల్ లెక్క. గుండ్రటి బల్లలు వేస్తే దాదాపు సగానికి వస్తుంది. స్క్రీన్ మీద పడే ముందు వరుస లైట్లు విడిగా ఆరుతాయా, మైకు మనిషి మీటింగ్ అయ్యేదాకా హాల్లోనే ఉంటాడా అనేవి కూడా అడగండి. ఇవన్నీ ఫోన్లో ఒప్పుకుంటారు. ఆ ఫోనెత్తిన బాంక్వెట్ సేల్స్ అబ్బాయి నెల తర్వాత వేరే హోటల్లో ఉంటాడు. హోటల్ వాళ్లు ఎఫ్‌పీ (ఫంక్షన్ ప్రాస్పెక్టస్) అని ఏర్పాట్లన్నీ రాసే కాగితం తయారుచేస్తారు, కిచెన్ నుంచి కరెంటు మనిషి దాకా అందరూ చూసేది దాన్నే. మనం అడిగిన ప్రతిదీ అందులో ఎక్కిందో లేదో చూసి, కాపీ తీసుకున్నాకే అడ్వాన్స్ కట్టాలి.

భోజనం విషయంలో నేను రాజీపడను. డీలర్ ఇంటికెళ్లి చెప్పేది భోజనం గురించే. వెజ్, నాన్‌వెజ్ కౌంటర్లు దూరంగా ఉండాలి. కార్తీకంలో, అయ్యప్ప దీక్షల రోజుల్లో, శనివారాల్లో వెజ్ లెక్క బాగా పెరుగుతుంది. పనీర్ కూరలు రెండు తగ్గినా పర్లేదు, మంచి పప్పు, ఆవకాయ, గట్టి పెరుగు ఉండాలి. డ్రైవర్ల భోజనం కూడా ఎఫ్‌పీలో రాయించండి. చాలా హోటళ్లలో దానికి విడిగా, తక్కువ రేటుకు ఏర్పాటుంటుంది. రాత్రి రెండొందల కిలోమీటర్లు తిరిగి నడపాల్సిన మనిషి బయట టిఫిన్ బండి వెతుక్కోకూడదు.

ప్లేట్ల గ్యారంటీ దగ్గర బాగా బేరమాడాలి. ఇచ్చిన అంకెకు తక్కువ మంది వచ్చినా పూర్తి బిల్లు వేస్తారు. వస్తారనుకున్నదానికి పదిశాతం తక్కువే గ్యారంటీ ఇస్తాను, ఎక్కువైతే అదే రేటుకు వడ్డించేలా రాయించుకుంటాను. వర్షాకాలంలో అయితే ఇంకా తగ్గిస్తాను, వాన పడితే డీలర్ షాపు వదిలి రాడు.

పన్ను సంగతి చాలామంది చూడరు. మా కంపెనీ రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. హైదరాబాద్‌లో హాలు తీసుకుంటే, ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 12(3) ప్రకారం ఆ భవనం ఉన్న రాష్ట్రమే లెక్కకు వస్తుంది. బిల్లులో సీజీఎస్టీ (కేంద్రం వాటా)తో పాటు తెలంగాణ ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) వేస్తారు, మాకు ఆ క్రెడిట్ రాదు, అంటే ఆ పన్నును మేం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటల్లో హాలు, భోజనం కలిపిన ప్యాకేజీ మీద 18 శాతం పన్ను పడుతుంది. అంతకంటే చిన్న హోటళ్లలో అదే ప్యాకేజీకి 5 శాతమే, క్రెడిట్ మాత్రం ఉండదు. ఎలాగూ క్రెడిట్ రాని మాకు రెండోదే లాభం. మూడు లక్షల బిల్లు మీద 39 వేల తేడా వస్తుంది. మీ ఆడిటర్‌ను ముందే అడగండి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. పదిమంది లోపు రివ్యూకి, ఇంటర్వ్యూలకి కోవర్కింగ్ గది చాలా బాగుంటుంది. వైఫై, టీవీ స్క్రీన్ సిద్ధంగా ఉంటాయి, గంటకింత అని కట్టి లేచిపోవచ్చు. వ్యాపార సంఘాల ఆడిటోరియాల్లో అద్దె తక్కువ, కుర్చీలు మెట్లుగా ఉంటాయి కాబట్టి టెక్నికల్ ట్రైనింగ్‌కి వాటిని మించినవి లేవు. క్యాటరింగ్ మనమే చూసుకోవాలి, బయటివాళ్లను రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. బుకింగ్ వెబ్‌సైట్లు పేర్ల జాబితా కోసం పనికొస్తాయి. అక్కడ కనిపించే రేటులో చాలాసార్లు పన్ను కలపరు, ఫొటోల్లో హాలు అసలు కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. పేరు అక్కడ తీసుకుని, బేరం నేరుగా హోటల్‌తో మాట్లాడటమే నాకు పనిచేసింది.

బిల్లు మాత్రం అదే సాయంత్రం, ప్లేట్లు లెక్కపెట్టిన కెప్టెన్ (వడ్డన చూసే హోటల్ మనిషి) డ్యూటీలో ఉండగానే పక్కన కూర్చోబెట్టుకుని సరిచూడండి. మర్నాటికి వాయిదా వేస్తే ఎక్స్‌ట్రా టీలు, ఎక్స్‌ట్రా నీళ్ల సీసాలు అంటూ ఎవరికీ గుర్తులేని వరుసలు అందులో చేరతాయి.