స్టాఫ్‌రూమ్‌కొచ్చి రిటర్న్ వేసే కన్సల్టెంటుకి ఐదొందలు ఇవ్వొచ్చా?

మా స్కూలుకి జూలైలో ఒక ల్యాప్‌టాప్ వస్తుంది. మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టగానే ఒకాయన స్టాఫ్‌రూమ్ టేబుల్ మీద గ్లోబు పక్కకి జరిపి, దాన్ని తెరిచి, "ముందెవరు మేడమ్?" అంటాడు. మనం ఫారం-16, అంటే ఏడాది జీతం, కోసిన పన్ను రాసి ఉన్న కాగితం ఇస్తాం. ఆయన టకటకా కొడతాడు. "ఓటీపీ చెప్పండి" అంటాడు, చెప్తాం. ఐదొందలు చేతిలో పెడతాం. మనిషికి పది నిమిషాలు. క్యారేజీ విప్పి అన్నం కలిపేలోపు మన ఇన్‌కంటాక్స్ రిటర్న్ అయిపోతుంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో బయలాజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంటుని. 2019 నుంచి 2024 దాకా ఆరేళ్లు ఈయన చేతే వేయించాను. ఈ ఏడాది, అంటే 2025లో, సొంతంగా వేసుకున్నాను. ఇదే ఏడాది మా నాన్న పొలం అమ్మిన పని మీద ఒక చార్టర్డ్ అకౌంటెంటుకి ఆరు వేలు కట్టాను. మూడు దారులూ నడిచాను కాబట్టి రాస్తున్నాను. పేర్లు రాయను, ఊళ్లో అందరం ఒకరికొకరు తెలిసినవాళ్లమే.

నిజానికి మా టీచర్ల లెక్క జనవరి, ఫిబ్రవరిలోనే తేలిపోతుంది. ఎవరో ఒక మాస్టారు తయారుచేసిన ఎక్సెల్ ఫైలు వాట్సాప్‌లో తిరుగుతుంది. అందులో నెలవారీ జీతం, డీఏ, సీపీఎస్ (పింఛను చందా), ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా), వృత్తి పన్ను కొడితే కింద పన్ను తేలుతుంది. ప్రింటు తీసి, ఎల్ఐసీ రసీదులు పిన్ను కొట్టి హెచ్ఎమ్ గారికిస్తే ఫిబ్రవరి జీతంలో కోత పడుతుంది. జూలైలో ఈయన చేసేది ఆ అంకెల్ని ఇన్‌కంటాక్స్ పోర్టల్లోకి ఎక్కించడమే. మరి ఆ మాత్రానికి ఐదొందలెందుకంటే, భయం. పోర్టల్ తెరిస్తే ఏదో ఒకటి నొక్కుతామని, నొక్కితే నోటీసు వస్తుందని.

నాకు నోటీసు వచ్చింది. ఆయన నొక్కితేనే వచ్చింది.

2022-23లో పాత డీఏ బకాయిలు పడ్డాయి. బకాయిలు ఒకేసారి పడితే ఆ ఏడాది ఆదాయం పెరిగినట్టు కనిపించి పన్ను ఎక్కువ పడుతుంది కదా. అవి ఏ ఏ సంవత్సరాలవో ఆ సంవత్సరాలకి పంచి లెక్కగట్టి కొంత తగ్గించుకోవచ్చు, సెక్షన్ 89 అంటారు. మా ఎక్సెల్ మాస్టారి ఫైలు ఆ లెక్క చక్కగా చేసిపెట్టింది, హెచ్ఎమ్ గారూ ఒప్పుకున్నారు, ఫారం-16లోనూ ఉంది. అయితే రిటర్న్ వేసే ముందు పోర్టల్లో ఫారం 10ఈ అని ఇంకోటి నింపాలి. అది లేకుండా ఈ తగ్గింపు అడిగితే రిటర్నులు సరిచూసే బెంగళూరు సీపీసీ ఆఫీసు వాళ్లు ఒప్పుకోరు. మా కన్సల్టెంటు అది వేయలేదు. అందరి రిటర్నుల్లాగే పది నిమిషాల్లో కొట్టేశాడు.

పన్ను బాకీ ఉన్నారు, రూ. 11,480 కట్టండి అని డిసెంబరులోనే డిమాండు పంపారట. "అట" అని ఎందుకంటున్నానంటే అది నాకు రాలేదు. పోర్టల్లో నా పేరు మీదున్న మెయిల్ ఐడీ ఆయనది, మొబైల్ నంబరూ ఆయనదే. ఆధార్ ఓటీపీ మాత్రం నా ఫోన్‌కి వచ్చేది కాబట్టి అంతా నా దగ్గరే ఉందనుకున్నాను. మరుసటి ఏడు నాకు 7,200 వెనక్కి రావాలి. సెప్టెంబరు గడిచినా పడలేదు. అడిగితే "వస్తాది మేడమ్, కంగారు పడకండి" అన్నాడు. చివరికి ఆయన చేతే లాగిన్ చేయించి చూస్తే, ఆ 7,200 పాత బాకీ కింద జమ చేసేసుకున్నారు. ఇంకా 4,280, పైన వడ్డీ నేనే ఎదురు కట్టాలి. జమ చేసుకునే ముందు అభ్యంతరం ఉంటే చెప్పమని కూడా రాశారు. అదీ ఆయన మెయిల్‌కే వెళ్లింది. ఆలస్యంగా 10ఈ వేసి సరిచేయమని అర్జీ పెట్టినా ఒప్పుకోలేదు.

"రోజుకి నలభై మెయిళ్లొస్తాయి మేడమ్, ఎవరిదేదో చూసుకోలేం" అన్నాడు. కోపం వచ్చింది కానీ ఆలోచిస్తే ఐదొందలకి అంతకంటే ఏం చూస్తాడు? ఆరేళ్లలో ఆయన నన్ను అడిగిన ప్రశ్నలు రెండే. ఓటీపీ ఎంత, చిల్లర ఉందా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2023లో ఆయనే "మీకు ముప్పై, నలభై వేలు రీఫండ్ తెప్పిస్తాను, అందులో పది శాతం నాకివ్వండి" అన్నాడు. ఎలా అంటే రాజకీయ పార్టీకి చందా ఇచ్చినట్టు రాస్తాడు, 80జీజీసీ కింద. నేను ఒప్పుకోలేదు. నీతి అని గొప్ప చెప్పుకోను, నాకు భయం, అంతే. మా స్టాఫ్‌లో ఒక మాస్టారు సరేనన్నారు. 38,000 వచ్చింది, 3,800 ఇచ్చారు, స్టాఫ్‌రూమ్‌కి స్వీట్లు కూడా తెచ్చారు. ఈ ఏడాది జూలైలో ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశమంతా ఇన్‌కంటాక్స్ వాళ్లు సోదాలు చేశారని పేపర్లో పడింది. ఆ తర్వాత మాస్టారి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అప్‌డేటెడ్ రిటర్న్ వేసి, పన్ను, వడ్డీ, రెండూ కలిపినదాని మీద ఇంకో యాభై శాతం కట్టారు. రమారమి డెబ్బై వేలు. ఊరుకుని దొరికిపోతే తప్పుడు లెక్క చూపించినందుకు జరిమానా పన్నుకి రెండింతలు. ఇన్‌కంటాక్స్ వాళ్ల ముందు సంతకం మనదే, ఆ పది శాతం తీసుకున్నాయన పేరు ఎక్కడా ఉండదు.

ఇక నా సొంత ప్రయోగం. ముందు "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కి ఆధార్ ఓటీపీతో కొత్తది పెట్టుకున్నాను. తర్వాత ప్రొఫైల్లోకి వెళ్లి మెయిలు, మొబైలు నావి పెట్టుకున్నాను. ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్క పనీ ఈ రాత్రే చేసుకోండి. బ్యాంకు ఖాతా దగ్గర ఒక ఎర్ర గుర్తు కనిపించింది. మాది ఆంధ్రా బ్యాంకు ఖాతా, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయాక ఐఎఫ్ఎస్‌సీ మారింది, పోర్టల్లో పాతదే ఉంది.

ఏఐఎస్ అని ఒకటుంటుంది, మన పాన్ మీద బ్యాంకులూ రిజిస్ట్రార్ ఆఫీసులూ పంపిన చిట్టా. అది పీడీఎఫ్‌గా దిగింది గానీ పాస్‌వర్డ్ అడిగింది. పాన్ చిన్న అక్షరాల్లో, దాని వెంట పుట్టిన తేదీ. మూడుసార్లు కొట్టినా తెరుచుకోలేదు. మా అబ్బాయి వచ్చి "అమ్మా, నీ అసలు పుట్టినరోజు కాదు, సర్టిఫికెట్లో ఉన్నది కొట్టు" అన్నాడు. నన్ను ఒకటో తరగతిలో చేర్చుకున్న హెడ్మాస్టరు గారు సగం ఊరికి వేసినట్టే నాకూ జూలై ఒకటి వేశారు. కొట్టగానే తెరుచుకుంది.

లోపల చూస్తే సేవింగ్స్ వడ్డీ 4,312, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ 9,870. ఆరేళ్లుగా ఇవి నా రిటర్న్‌లో ఎప్పుడూ లేవు. డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు ముందే పన్ను (టీడీఎస్) కోయలేదు కాబట్టి ఫారం-16లోనూ లేదు, పన్ను కోతలు చూపించే 26ఏఎస్‌లోనూ లేదు. ఆయన అక్కడితో ఆగిపోయేవాడు.

పాత పద్ధతా, కొత్త పద్ధతా అన్నదే నాకు అసలు టెన్షన్. గ్రాస్ జీతం 11 లక్షల 40 వేలు. ఇంటి లోను వడ్డీ 1,62,000, 80సి కింద ఎల్ఐసీ లాంటి పొదుపులు నిండా లక్షన్నర, సీపీఎస్ మీద అదనంగా 50 వేలు. ఇవన్నీ తీసేస్తే పాత పద్ధతిలో పన్ను 61,980. కొత్త పద్ధతిలో ఇవేవీ తీయనివ్వరు, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ మాత్రం ఉంటుంది, అయినా 64,350. ఇన్నాళ్లూ ఎల్ఐసీలకీ లోనుకీ కట్టి నేను సాధించిన తేడా 2,370 రూపాయలన్నమాట! పాతదే ఎంచుకున్నాను గానీ దానికి పాలసీ నంబర్లు, లోను ఖాతా నంబరు, లోను మంజూరైన తేదీ అన్నీ అడిగింది. బీరువాలో ఫైలు వెతకడానికి ఒక సాయంత్రం పోయింది. రెండో సాయంత్రం ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం పూర్తయింది. ఆఖరికి రీఫండ్ రాకపోగా, ఆ డిపాజిట్ వడ్డీ మీద 2,050 నేనే ఎదురు కట్టాను. సొంతంగా చేసుకుంటే మిగులుతుందని మొదలుపెట్టినదాన్ని. ఓటీపీతో వెరిఫై కూడా వెంటనే చేసేశాను, దానికి 30 రోజులు గడువుంటుంది గానీ మర్చిపోతే రిటర్న్ వేయనట్టే.

ఈ ఏడాది గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కి, చివర్లో ఇంకో రోజుకి పెంచారు. నేను ఆగస్టులోనే ముగించాను. ఆఖరి రోజుల్లో పోర్టల్ తిరుగుతూనే ఉందని మా వాళ్లు మొత్తుకున్నారు.

మరి ఇంత చేసుకోగలిగినదాన్ని నాన్న విషయంలో ఆరు వేలు ఎందుకు పోశాను? పొందూరు వైపు ఆయన వాటా మెట్ట భూమి నిరుడు 34 లక్షలకి అమ్మాడు. 30 లక్షలు దాటిన రిజిస్ట్రేషన్ వివరం ఇన్‌కంటాక్స్‌కి వెళ్లిపోతుంది, ఆయన ఏఐఎస్‌లో కనిపించింది. మా ల్యాప్‌టాప్ ఆయన్ని అడిగితే ముందు "చూపించకండి, ఎవరడుగుతారు" అన్నాడు. ఏఐఎస్‌లో ఉందంటే "అయితే మూడు, నాలుగు లక్షలు కట్టుకోవాల్సిందే" అన్నాడు. రెండు మాటలకీ మధ్య ఒక్క నిమిషం కూడా లేదు. నాన్న విని, "పంట పోయిన్నాడు వొచ్చి అడిగారేటి? ఇప్పుడేటి వాటా?" అని లేచిపోయాడు.

పాలకొండ రోడ్డులో ఒక సీఏ ఉన్నారంటే వెళ్లాం. నాన్న చేతిసంచిలో మామిడిపళ్లు కూడా తెచ్చాడు. సీఏ గారు ల్యాప్‌టాప్ తెరవలేదు. ఒక కాగితం తీసుకుని అడగడం మొదలెట్టారు. భూమి ఏ ఊరి రెవెన్యూలో ఉంది? అమ్మేనాటికి సాగులో ఉందా, లేఅవుట్ వేశారా? ఏం పండేది? అడంగల్లో ఎవరి పేరుంది? శ్రీకాకుళం హద్దు నుంచి ఎంత దూరం, ఆమదాలవలస హద్దు నుంచి ఎంత? నాన్న "బస్సుకి అరగంట బాబూ" అంటే, "రోడ్డు దూరం కాదు నాన్నగారూ, సూటిగా లెక్క" అని నవ్వారు.

అప్పుడు చెప్పారు. పల్లెల్లో సాగుభూమి అయితే అమ్మిన లాభం మీద పన్నే లేదట. పల్లె అంటే లెక్క ఇదీ: మున్సిపాలిటీ జనాభా పది వేలు దాటి లక్ష లోపైతే హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటితే 6, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్ల అవతల ఉండాలి. మాది ఆమదాలవలసకీ శ్రీకాకుళానికీ రెండింటికీ దూరమే. అయితే మాట చెల్లదు, కాగితం కావాలి. అడంగల్, 1-బి, పాసు పుస్తకం, దూరం మీద తహసీల్దారు సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆ సర్టిఫికెట్ కోసం నాలుగుసార్లు తిరిగాను, ఆ కథ వేరే. రిటర్న్‌లో ఏమీ దాచకుండా అమ్మకం చూపించారు. కట్టిన పన్ను సున్నా. ఆరు వేలకి రసీదు ఇచ్చారు. ఆరేళ్లలో నేను రసీదు చూడటం అదే మొదలు. మామిడిపళ్లు మాత్రం తీసుకోలేదు, నాన్న చిన్నబుచ్చుకున్నాడు.

పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దితే మా స్టాఫ్‌రూమ్ ఆయనకి 35 వేస్తాను, అదీ గ్రేస్ మార్కులతో. జీతం, ఒక ఇల్లు, కాస్త బ్యాంకు వడ్డీ, ఇంతే ఉంటే ఎవరికీ ఇవ్వనక్కర్లేదు, రెండు సాయంత్రాలు కూర్చుంటే చాలు. బకాయిలు పడిన ఏడు మాత్రం 10ఈ వేశారా లేదా అని నోరు తెరిచి అడగండి, తెల్లమొహం వేస్తే ఫారం-16 వెనక్కి తీసుకోండి. భూమి, ఇల్లు అమ్మితే, షేర్లు ఎక్కువగా అమ్మితే, పిల్లలు కువైట్‌లోనో అమెరికాలోనో ఉండి ఇక్కడ వాళ్ల పేరున అద్దెలొస్తుంటే ఆ ఆరు వేలకి వెనకాడకండి.

సెప్టెంబరులో ఆయన మళ్లీ వచ్చాడు. నన్ను చూసి, "మేడమ్‌కి ఎప్పుడూ పాత పద్ధతే మంచిది, ఈ ఏడాదికీ హెచ్ఎమ్ గారికి అదే రాసివ్వండి" అన్నాడు. అప్పటికే నేను కొత్త పద్ధతికి రాసిచ్చేశాను. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను పడదు, జీతగాళ్లకి స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుని 12 లక్షల 75 వేలు. నాకు నెలనెలా పడే మూడు వేల కోత ఆగస్టు నుంచి ఆగిపోయింది. జీతం పడిన మెసేజ్ చూసి మా ఆయన, "ఈ నెల ఎక్కువేసేశారు, హెచ్ఎమ్‌కి ఫోన్ చెయ్, మళ్లీ వెనక్కి లాక్కుంటారు" అని ఒకటే గొడవ.