లాక్‌డౌన్ నాటి సాయాల్లో ఏది మేలు: ఎకరం పైసలా, ఊళ్లో కాంటానా, గడ్డి లారీనా?

కరోనా ఏడాది సర్కారు రైతుకు ఏం చేసిందంటే మా నల్లగొండ దిక్కు ముందు రైతుబంధు పేరే చెప్తారు. అప్పట్లో ఎకరాకు పంటకు 5,000. 2020 వానాకాలం పైసలు జూన్‌లోనే ఖాతాల్లో పడ్డాయి. కేంద్రం కిసాన్ సమ్మాన్ కింద ఏడాదికిచ్చే 6,000లో 2,000 ఏప్రిల్‌లోనే వేసింది. ఆఫీసుల చుట్టూ తిరగకుండా, ఎవరి చెయ్యీ తడపకుండా రావడం మామూలు సంగతి కాదు.

కాకపోతే రైతుబంధు పాసుపుస్తకం వెంటే పోయేది. పదిహేనెకరాల ఆసామి హైదరాబాద్‌లో కూర్చున్నా 75,000 పడేవి. ఆ భూమినే కౌలుకు దున్నేటాయనకు రూపాయి వచ్చేది కాదు. గొర్ల మంద వెంట తిరిగే పాలమూరు గొల్లకురుమలకు భూమి లేకపోతే వాళ్లూ అంతే.

కాంటా, అంటే సర్కారు ఊళ్లోనే వడ్లు తూచి కొనడం, దాని సంగతి వేరు. మార్చి చివర అన్నీ బందైనప్పుడు సాగర్ ఎడమ కాల్వ కింద యాసంగి వరి కోతకొచ్చింది. మిర్యాలగూడ, హాలియా రైతుకు అప్పుడు కావాల్సింది కొనేటోడు. ఊరూరా మహిళా సంఘాల ఐకేపీ కేంద్రాలు, సొసైటీ కేంద్రాలు తెరిచి, టోకెన్లిచ్చి, ఏ గ్రేడ్ వడ్లను క్వింటాల్ 1,835కు కొన్నారు. అది సాయమెట్లయితది, మా కష్టానికి ధరే కదా అంటారు. నిజమే. కానీ ఎకరాకు పాతిక క్వింటాళ్లు పండినాయన, దళారికి 200 తక్కువకు అమ్ముకుంటే ఎకరాకు 5,000 పోయినట్టే. అంటే రైతుబంధు అంతా అందులోనే పాయె.

ఇబ్బందులు లేవని కాదు. బెంగాల్‌లో జనపనార మిల్లులు మూతపడి గోనె సంచులు దొరకలేదు. హమాలీలు చాలలేదు. తేమ 17 శాతానికి దిగేదాకా కుప్ప తిరగేస్తూ, మొగులైతే టార్పాలిన్ కప్పుకుంటూ కల్లంలోనే పడిగాపులు. చివరికి తరుగు పేరిట కిలోల కోత! అయినా నా ఓటు కాంటాకే.

బత్తాయికి ఆ కాంటా కూడా లేదు. ఢిల్లీకి పోయే లారీలు తగ్గేసరికి రేటు పడిపోయింది. సి విటమిన్ ఉంటుంది, తినండని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే చెప్పారు. కానీ నల్లగొండ తోటల కాయంతా మనమే తినగలమా?

మూగజీవాల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. గోశాల దాతల మీద, వీధికుక్క హోటల్ మిగులు మీద బతుకుతాయి. రెండూ ఒక్కసారే తగ్గాయి. గుడి మూసేసరికి మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు పక్కన పండ్ల కోసం కాసుకునే కోతులకు యాత్రికుల కార్లే కరువయ్యాయి. గోశాలలు నడపొచ్చని, మేత రవాణా ఆపొద్దని కేంద్రం నిబంధనల్లో రాసింది. బాగానే ఉంది, లారీ కిరాయి ఎవరిస్తారు? ఇట్లాంటప్పుడు సంస్థకు చెక్కు ఇచ్చేకంటే మేత దింపడమే మేలు. చేతిలో పైసలున్నా గడ్డి తెచ్చే దారి ఉండాలి కదా.

ఆ గడ్డి దూరమేమీ లేదు. హార్వెస్టర్ కోసిపోయిన మడిలో పరుచుకొని ఉంటుంది. ఆయకట్టులో చాలామంది దాన్ని అక్కడే తగలబెడతారు, వానాకాలం నారుకు మడి ఖాళీ కావాలని. పక్క జిల్లా మెట్ట ఊళ్లలో మాత్రం ఎండాకాలం మేతకు కటకట. పదెకరాల పైనున్నోళ్లకు ఇచ్చిన రైతుబంధును ఆపి, ఆ పైసలతో గడ్డిని కట్టలు కట్టే బేలర్ మిషన్ కిరాయి, డీజిల్ కట్టి, కట్టలను మండల పశువుల డాక్టర్ లెక్క ప్రకారం గోశాలలకు, గొర్ల మందలకు పంపి ఉండొచ్చు. రైతుకు కట్టకింత అని ఇచ్చి ఉంటే అగ్గిపెట్టె తీసేవాడు కాదు.