పిల్లలతో విశాఖ, అరకు: ఎక్కడ ఆగాలి, ఏది వదిలేయాలి

విజయవాడలో సెలవులు ఇచ్చారంటే మా చుట్టుపక్కల ఇళ్లలో ముందు వినిపించే పేరు వైజాగ్. పొద్దున్నే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగిపోవచ్చు. సముద్రం, కొండలు, జూ అన్నీ ఒకే ఊళ్లో దొరుకుతాయి, అరకు కూడా దగ్గరే. చిక్కల్లా అక్కడే వస్తుంది. అన్నీ దగ్గర ఉన్నాయి కదా అని అన్నీ చూపించాలనుకుంటాం. ట్రావెల్స్ వాళ్లిచ్చే కాగితంలో ఒక్క రోజుకి ఏడెనిమిది చోట్లు రాసి ఉంటాయి. తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు ఉన్న కుటుంబానికి ఆ కాగితం అస్సలు పనికిరాదు. పూటకి ఒక్క చోటు చాలు. పిల్లలు తమంతట తాము ‘ఇక పోదాం’ అనేదాకా అక్కడే ఉండాలి. డిసెంబర్ చివర్లో మేం అలాగే తిరిగాం. ఏది బాగుందో, దేనికి డబ్బు దండగో ఆ లెక్కలోనే చెబుతున్నాను.

విశాఖలో ఒక్కటే చూసే తీరిక ఉంటే ఆర్కే బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామికి తీసుకెళ్లండి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో రిటైరైంది. ఆ మరుసటి ఏడే ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారు. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లడానికి గుండ్రటి ఇనుప ద్వారాలుంటాయి. పెద్దవాళ్లు నడుం వంచి, కాలెత్తి, తల కాచుకుని దూరాలి. పిల్లలు మాత్రం అవి తమ కోసమే చేసినట్టు దూరిపోతారు. మావాడు ఒక్కో ద్వారం దాటి వెనక్కొచ్చి మళ్లీ దాటాడు. టార్పెడోల గదిలో నావికుల పడకలు చూసి, ‘అమ్మా, బాంబు పక్కనే పడుకుంటారా?’ అని అడిగాడు. అక్కడ వివరాలు చెప్పే పెద్దాయన, ‘అవును నాన్నా, మేం అలాగే పడుకునేవాళ్లం’ అన్నారు. చాలామంది గైడ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే. వాళ్లని అడగనివ్వండి. వెనకవాళ్లు తోస్తున్నారని పిల్లల్ని లాక్కుపోవద్దు. రద్దీ లేని రోజు వెళ్తేనే ఇది కుదురుతుంది. సోమవారం సెలవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ఆ ద్వారాలు కష్టం. మా అత్తయ్యగారు మరమరాలతో చేసే మురీ మిక్స్చర్ పొట్లంతో బయట సముద్రం వైపు కూర్చున్నారు.

రోడ్డు దాటితే టీయూ-142 విమానం ఉంది. 29 ఏళ్లు నౌకాదళంలో ఉండి 2017లో రిటైరైంది, అదే ఏడు డిసెంబర్‌లో మ్యూజియం తెరిచారు. ఈ రెండిటినీ వరసగా, ముందు జలాంతర్గామి, తర్వాత విమానం చూపిస్తే బాగా అర్థమవుతుంది. ఒకటి నీళ్లలో దాక్కునేది, రెండోది దాన్ని పైనుంచి వెతికేది. దాగుడుమూతల ఆట అనగానే బాబుకి మొత్తం బుర్రకెక్కింది. సముద్రంలోకి జారవిడిచి జలాంతర్గాముల చప్పుడు పట్టే పరికరాల దగ్గర పాప చాలాసేపు నిలబడింది. విడివిడిగా రెండు రోజుల్లో చూపిస్తే ఈ ముడి తెగిపోతుంది.

ఆర్కే బీచ్‌లో పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. ఈ మాట గట్టిగానే చెబుతాను. అక్కడ రాళ్లున్నాయి, లోపలికి లాగే అలలున్నాయి. సాయంత్రం నడవడానికి, ఇసుకలో ఆడుకోవడానికి సరే. కాళ్లు తడుపుకోవాలంటే రుషికొండ నయం. శుభ్రత, భద్రత చూసి బీచ్‌లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన తీరం అది. అక్కడైనా పిల్లల చెయ్యి వదలకూడదు, లైఫ్‌గార్డులు ఈల వేస్తే మారుమాట లేకుండా బయటికి రావాలి.

జూ గురించి ఇంట్లో రెండు మాటలున్నాయి. కంబాలకొండ అడవి పక్కన, కొండల మధ్య 600 ఎకరాలకు పైగా ఉంటుంది. చెట్ల నీడ బాగుంటుంది గానీ నడక చాలా ఎక్కువ. బ్యాటరీ బండి ఎక్కితే అన్నీ కనిపిస్తాయి, ఏదీ చూసినట్టుండదు. నా సలహా: పొద్దున్నే గేటు తెరిచే వేళకి వెళ్లి, పిల్లలకి ఇష్టమైన రెండు మూడు జంతువుల దగ్గరే గడపండి. ఇదీ సోమవారం మూసేస్తారు. కైలాసగిరి మీద బొమ్మ రైలు ఎక్కితే సముద్రం మొత్తం కనిపిస్తుంది, ఓ సాయంత్రానికి చాలు. మాల్‌లో గేమ్స్ కార్డు అడిగితే మాత్రం నేను ఒప్పుకోలేదు. అవే యంత్రాలు విజయవాడలోనూ ఉన్నాయి, కార్డులో డబ్బు ఎప్పుడైపోయిందో కూడా తెలీదు. దాని కోసం ఇంత దూరం రావక్కర్లేదు.

ఇక అరకు. కారులో వెళ్లే స్తోమత ఉన్నా సరే, వెళ్లేటప్పుడు మాత్రం రైలెక్కండి. కిరండూల్ రైలు విశాఖ నుంచి ఉదయం ఏడుకి కాస్త ముందు బయల్దేరుతుంది, అరకు చేరడానికి సుమారు నాలుగు గంటలు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖకి తేవడానికి 1960ల్లో జపాన్ సహకారంతో వేసిన లైను ఇది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లలందరూ ఒక్కసారిగా కేకలు పెడతారు. మావాళ్లిద్దరూ లెక్కపెట్టడం మొదలెట్టి, లెక్క దగ్గర గొడవపడి, ముందు సీట్లో వాళ్ల పిల్లల్ని సాక్ష్యానికి పిలిచారు. అద్దాల విస్టాడోమ్ బోగీ 2017 నుంచి ఉంది. టికెట్ ఖరీదెక్కువ, పైకప్పు అద్దం బాగుంటుంది. అయినా మామూలు బోగీలో కిటికీ పక్కన కూర్చుని, ముఖానికి గాలి తగులుతూ, తోటి పిల్లలతో వెళ్లడమే మావాళ్లకి నచ్చుతుందని నా నమ్మకం. పెద్దవాళ్లుంటే విస్టాడోమ్ సుఖం.

మేం బొర్రా గుహల దగ్గర దిగిపోయాం, ముందే మాట్లాడుకున్న కారు అక్కడికొచ్చింది. గుహలోకి దిగే మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. జారని చెప్పులు తప్పనిసరి. బాత్‌రూమ్ పని ముందే చూసుకోవాలి. చేతిలో తినే ప్యాకెట్ ఉంటే బయట కోతులు వదలవు. గైడ్లు టార్చి వేసి శివపార్వతులు, తల్లీబిడ్డ, ఋషి గడ్డం అంటూ ఆకారాలు చూపిస్తారు. అది విన్నాక పిల్లల్ని వాళ్ల ఆకారాలు వెతుక్కోనివ్వండి. మా పాపకి ఒకచోట కొండంత పుట్టగొడుగు కనబడింది. పైనుంచి ఒక నీటి చుక్క దాని అరచేతిలో పడింది. ఆ చుక్కలో కరిగిన సున్నపురాయి ఉంటుందనీ, చుక్క చుక్కా పేరుకుని, తరాలు గడిస్తే గానీ ఈ స్తంభాలు తయారు కావనీ మావారు చెప్పారు. పాప చెయ్యి తుడుచుకోకుండా చాలాసేపు ఆ తడినే చూసుకుంది. మనం వచ్చిన రైలు పట్టాలు ఈ గుహ మీదుగానే వెళ్తాయని చెప్తే బాబు నమ్మలేదు, బయటికొచ్చాక నలుగురిని అడిగి ఖాయం చేసుకున్నాడు.

అనంతగిరి దారిలో కాఫీ తోటల దగ్గర తప్పకుండా ఆగండి. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. చలికాలంలో పళ్లు ఎర్రగా పండి ఉంటాయి. మిరియాలు, కాఫీ పొడి అమ్ముకునే ఒక అమ్మ పాప చేతిలో ఒక పండు పెట్టి నొక్కమంది. జిగురుగా రెండు గింజలు బయటికి జారాయి. తొక్క నాకితే తియ్యగా ఉంది. రోజూ నేను తాగే కాఫీ ఇదేనా అని పిల్లలిద్దరికీ ఒకటే ఆశ్చర్యం. వలిసె పూలు మేం వెళ్లేసరికి చాలా చోట్ల అయిపోయాయి. ఆ పసుపు పొలాల కోసమైతే నవంబర్‌లో రావాలి.

అరకులో గిరిజన మ్యూజియం బాగుంది. వంటిల్లు, సంత, పెళ్లి, వేట బొమ్మలుగా పెట్టారు. పిల్లలకి అద్దాల బీరువాలకన్నా ఇలాంటివే ఎక్కుతాయి. బొంగు చికెన్ వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు. కాల్చాక కారం తగ్గదు కాబట్టి, పిల్లలకైతే మసాలా కలిపేటప్పుడే చెప్పుకోండి.

బస మాత్రం మనశ్శాంతి లేకుండా చేసింది. పేరు చెప్పను గానీ, మేం దిగిన చోట వేడినీళ్లు పొద్దున రెండు గంటలే వచ్చాయి. పక్కన టెంట్ల దగ్గర అర్ధరాత్రి దాకా డీజే. పాటల హోరుకి బాబు ఉలిక్కిపడి లేస్తుంటే, వాడికి జ్వరం వస్తుందేమోనని నాకు టెన్షన్. ఇంత అందమైన ఊళ్లో, అంత చల్లటి రాత్రి, కీచురాళ్ల చప్పుడు కూడా పిల్లలకి వినబడకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. ఫోటోలు చూసి బుక్ చేయకండి. ఫోన్ చేసి అడగండి: వేడినీళ్లు ఏ వేళల్లో, పక్కన క్యాంప్‌ఫైర్లు ఉన్నాయా, గది కింది అంతస్తులోనా, అదనంగా దుప్పట్లు ఇస్తారా. చలికాలంలో శని, ఆదివారాలైతే గదుల ధరలు బాగా పెరుగుతాయి. సెలవు పెట్టగలిగితే వారం మధ్యలో వెళ్లండి, విశాఖలో జలాంతర్గామి, జూ మూసి ఉండే సోమవారం అరకులో గడిచేలా చూసుకోండి.