కర్రకు మంచి మార్కులే, గేలాలకు సున్నా

రెండు ముక్కలుగా విడిపోయే ఏడడుగుల గేలపు కర్ర, రీలు, తంగూసు, పది గేలాల పొట్లం, అన్నీ కలిపి 2,450 రూపాయలకు ఆన్‌లైన్‌లో కొన్నాను. డబ్బా మీద బ్రీమ్ చేప బొమ్మ ఉంది. ఆ బొమ్మ చూసే కొన్నాననుకోండి. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర నేను పడే తిప్పలన్నీ ఆ చేపతోనే.

నాలుగు ఆదివారాలు వాడాను. కర్ర బాగుంది. కొస మెత్తగా ఉండడంతో చేప ఎరను ముట్టుకున్నా చేతికి తెలిసిపోతోంది. బ్రీమ్‌కి కావలసింది ఇదే. ఒక్కసారిగా మింగేయదది, ముందు రెండు మూడుసార్లు పొడిచి చూస్తుంది. నా పాత వెదురు కర్రతో ఆ సంగతే తెలిసేది కాదు, రొయ్య తినేసి చక్కా పోయేది.

మోసపోయింది గేలాల దగ్గర. రెండో ఆదివారం పోటు మొదలయ్యాక రాళ్ల పక్కన పీత ముక్క గుచ్చి వేశాను. గట్టిగా లాగింది. రీలు తిప్పుతుంటే ఠక్కున బరువు పోయింది. తీసి చూస్తే గేలం నలిగి, మొన పక్కకి ఒరిగిపోయి ఉంది. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన నవ్వాడు. "ఇంత సన్నపుది ఎట్టినావేటి బావూ? గుల్లలు నమిలే నోరది!"

నిజమే. ముందు కోరల్లాంటి పళ్ళు, వెనక దవడంతా గుండ్రటి దంతాలు. ఆలిచిప్పల్నే పగలగొట్టే నోటికి ఈ తీగ ముక్క ఎంత? ఇలాంటివి మూడు పోయాయి. కంపెనీకి ఫొటోలు పంపితే, వాడిన వస్తువు వాపసు తీసుకోబోమని ఒక్క ముక్కలో తేల్చేశారు.

శ్రీకాకుళంలో లావు తీగ గేలాలు పొట్టివి కొన్నాక, మూడో ఆదివారం రెండు పడ్డాయి. పెద్దది ముప్పావు కిలో. ఈ నల్ల బ్రీముల్లో చాలావరకు చిన్నప్పుడు మగవి, పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. ఆ మాట ఇంట్లో చెబితే, "అందుకే అంత గట్టిగా లాగింది" అంది మా ఆవిడ, పులుసులోకి చింతపండు పిసుకుతూ.

రీలు సంగతి ఒకటి. ప్రతిసారీ మంచినీళ్లతో కడిగినా ఒక స్క్రూకి అప్పుడే తుప్పు పట్టింది. కర్ర మాత్రం విడిగా దొరికితే కళ్లు మూసుకుని కొనండి.

మిగిలిన ఏడు గేలాలూ పక్కింటి కుర్రాడికిచ్చేశాను. చెరువులో పరిగెలు పట్టుకుంటున్నాడు. వాడికి ఏ కంప్లైంటూ లేదు.