ఆస్పైర్ హెల్త్‌కేర్ టూల్‌కిట్: ఎనిమిది నెలలు వాడిన తరువాత

మా తమ్ముడికి 31 ఏళ్లు, ఆటిజం ఉంది. చక్కగా చదువుతాడు, రాస్తాడు. కానీ నలుగురు చేరి గోలగా ఉన్నచోట అతడికి మాట పెగలదు. కొన్నేళ్లుగా రిస్పెరిడోన్ వాడుతున్నాడు. ఆ మందు వల్ల బరువు, రక్తంలో చక్కెర పెరిగే అవకాశం ఉంది కాబట్టి బరువు, బీపీ, షుగరు క్రమం తప్పకుండా చూపించుకోవాలి. పెద్దాసుపత్రితో పని లేని, వీధి చివర క్లినిక్‌లో అయిపోయే ఈ పరీక్షలనే మేము రెండేళ్లపాటు వాయిదా వేస్తూ వచ్చాము. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి జరిగి మధ్యలోనే ఇంటికి తిరిగి వచ్చేవాళ్లము. ఆ స్థితిలో మొదలుపెట్టినదే, ఆటిజం ఉన్న పెద్దలకూ వారి వైద్యులకూ పనికొచ్చే సమాచారం, ఫారాలు ఉన్న ఈ టూల్‌కిట్.

ఇది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో వైద్యురాలు క్రిస్టినా నికొలాయిడిస్, పరిశోధకులు డోరా రేమేకర్ కలిసి 2006లో ప్రారంభించిన ఆస్పైర్ అనే పరిశోధన బృందం దీనిని తయారుచేసింది. రేమేకర్ స్వయంగా ఆటిజం ఉన్న వ్యక్తి. బృందంలోని ఇతర ఆటిస్టిక్ సభ్యులు కూడా ప్రశ్నల రూపకల్పనలో సమాన భాగస్వాములు. ఆ సంగతి ప్రశ్నలు చదువుతుంటేనే తెలిసిపోతుంది. 170 మంది ఆటిజం ఉన్న పెద్దలు, 41 మంది ప్రాథమిక వైద్యులు, వైద్య సిబ్బంది దీనిని పరీక్షించి చూసిన ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. నెల రోజుల వాడకం తరువాత, వైద్యం పొందడంలో ఎదురయ్యే అడ్డంకులు తగ్గాయని ఆ పెద్దలు చెప్పారు. అయితే టూల్‌కిట్ వాడనివారితో పోల్చి చూసిన అధ్యయనం కాదది. కాబట్టి ఆ ఫలితాన్ని మరీ నెత్తిన పెట్టుకోనక్కరలేదు.

ఇందులో అసలైన సరుకు ఒక ప్రశ్నావళి. మాట్లాడటం, రాయడం, వెలుతురు, శబ్దం, స్పర్శ, వేచి ఉండటం, రక్తం తీయడం, ఇంటికి వచ్చాక మందులు వేసుకోవడం, ఇలా ఒక్కొక్క విషయం గురించి అడిగి, మనకు వర్తించే వాక్యాలపై టిక్ పెట్టమంటుంది. చివరికి ఆ జవాబులన్నీ డాక్టరుకు ఇవ్వదగిన ఉత్తరంగా తయారై వస్తాయి. రోగి తరఫున సహాయకులు కూడా నింపవచ్చు. మొదట నేనే నింపబోయాను, తమ్ముడు కంప్యూటరు తన వైపుకు తిప్పుకున్నాడు. రెండు పూటలు పట్టింది. ఇన్నాళ్లూ అతడికి సూది అంటే భయమనుకుని నేను చెయ్యి గట్టిగా పట్టుకునేదాన్ని; తీరా చూస్తే సూది గురించిన ఇబ్బంది దేనిపైనా అతడు టిక్ పెట్టలేదు. చెప్పకుండా ముట్టుకోవడం, ఎంతసేపు కూర్చోవాలో తెలియకపోవడం, ఈ రెండింటిపై పెట్టాడు. వివరం రాసుకునే చోట స్పిరిట్ వాసన గురించి ఒక వాక్యం చేర్చాడు. చెయ్యి పట్టుకున్న నేనే సగం సమస్యనని తెలుసుకోవడానికి పోర్ట్‌లాండ్ నుంచి ప్రశ్నలు రావలసి వచ్చింది.

ఉత్తరం రోగి పేరుతోనే ఉంటుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ మన క్లినిక్‌లలో ముప్పై దాటిన మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని, పక్కనున్న అక్కను "బాబుకి ఏమైందమ్మా" అని అడగడం ఎంత మామూలో మీకు తెలుసు. కాగితం చూపించిన రోజున డాక్టరు గారు మొదటిసారి తమ్ముడి వైపు తిరిగి, ప్రశ్నను కాగితం మీద రాసి, అతడు జవాబు రాసేదాకా ఆగారు.

అయితే అక్కడిదాకా వెళ్లడం అంత సులువుగా జరగలేదు. అపాయింట్‌మెంటు ముందే ఖరారై, డాక్టరు రోగి ఫైలు తీరికగా తిరగేసే వ్యవస్థను ఈ టూల్‌కిట్ ఊహించుకుంటుంది. హైదరాబాద్‌లో మా క్లినిక్ సాయంత్రం తెరుస్తారు, టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చోవాలి. మొదటిసారి తీసుకెళ్లిన ఇంగ్లీషు ఉత్తరం బీపీ మిషను కింద అలాగే ఉండిపోయింది. రెండోసారి అందులోని ముఖ్యమైన అయిదు సంగతులను అరపేజీలో తెలుగులో రాసి, ముందురోజే కాంపౌండరు గారికి ఇచ్చాము. ఆయన చివరి టోకెన్ ఇచ్చి, వంతు వచ్చినప్పుడు ఫోన్ చేస్తానన్నారు; మేము కింద బండి దగ్గర నిలబడ్డాము. బీపీ పట్టీని ముందు తమ్ముడి చేతికిచ్చి చూసుకోమన్నారు. తొలి రీడింగు ఎక్కువ వస్తే, పది నిమిషాలు ఆగి మళ్లీ చూశారు, మామూలుగానే ఉంది. వెనకటి రోజుల్లో అయితే ఆ తొలి అంకెకే మాత్ర రాసేవారేమో!

చట్టం, హక్కుల భాగం అమెరికాది కనుక మనకు అంతగా ఉపయోగపడదు. మనకు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. ఆటిజం అందులో గుర్తించిన వైకల్యాలలో ఒకటి. ఆసుపత్రులలో అవరోధాలు లేకుండా చూడాలని, పరీక్షలోనూ చికిత్సలోనూ ప్రాధాన్యం ఇవ్వాలని 25వ సెక్షన్ చెబుతుంది. క్యూ గురించి అడగవలసి వచ్చినప్పుడు ఆ సెక్షన్ పేరు చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

మిగిలిన ఫారాలలో రోగ లక్షణాలు రాసుకునేది చాలా బాగుంది. "ఎలా ఉంది" అని అడిగితే తమ్ముడు ఏమీ చెప్పలేడు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఏం చేస్తే పెరుగుతోంది అని విడివిడిగా అడిగితే రాస్తాడు. డాక్టరును కలిసి వచ్చాక నింపే కాగితం కూడా పనికొచ్చేదే. వైద్యుల కోసం ఉన్న విభాగం క్లుప్తంగా, ఆచరణకు దగ్గరగా ఉంది; కొత్తగా ప్రాక్టీసు పెట్టినవారు ఒక పూట కేటాయించి చదవవచ్చు. సైటు చూడటానికి సాదాగా ఉంటుంది, కదిలే బొమ్మలేవీ లేవు; నాకు చప్పగా అనిపించిన ఆ సాదాతనమే తమ్ముడికి నచ్చింది.

చదవడం రాని ఆటిస్టిక్ పెద్దల విషయంలో మాత్రం సహాయకులు నింపిన ఉత్తరంలో సహాయకుల ఊహే ఎక్కువగా ఉంటుందని నా అనుభవంతో చెప్పగలను. అటువంటప్పుడు తొందరపడి టిక్ పెట్టకుండా, ఒకటి రెండుసార్లు క్లినిక్‌లో ఆ మనిషిని గమనించిన తరువాత నింపడం మంచిది. ఇంగ్లీషు రాని ఇళ్లలో అయితే, కూర్చుని తెలుగులోకి మార్చి పెట్టేవారు ఒకరు తోడు ఉంటే తప్ప దీనితో ప్రయోజనం ఉండదు.