రిజిస్టర్ వెనక పేజీల్లో సుమో: ఎన్‌హెచ్‌కే హైలైట్స్ ఏడాది చూశాక

మా లాడ్జి పాత రిజిస్టర్‌లో చివరి పదహారు పేజీలు నావి. ముందు పేజీల్లో పేరు, ఊరు, రూమ్ నంబర్, అడ్వాన్సు, బ్యాలెన్సు. వెనక పేజీల్లో కూడా అవే కాలమ్స్, కాకపోతే పేర్లు వేరు, జపాన్ కుస్తీ సుమోలో వస్తాదులవి. ఓనొసాతో, హోషోర్యూ, కొతోజకురా. అడ్వాన్సు కాలమ్‌లో గెలుపులు వేస్తాను, బ్యాలెన్సు కాలమ్‌లో ఓటములు. సుమో కప్పు ఎవరికి పోతుందో లెక్క పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి పుస్తకం నాకు దొరకలేదు.

తిరుపతి రైల్వే స్టేషన్‌కి నాలుగు అడుగుల దూరంలో ఒక చిన్న లాడ్జి. పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం మూడు దాకా రిసెప్షన్‌లో నేనే. తెల్లారి వేడినీళ్ళ గొడవ, ఆధార్ జిరాక్స్ గొడవ, గుండు చేయించుకుని దిగినవాళ్ళ లగేజీ గొడవ, అన్నీ పన్నెండు లోపల అయిపోతాయి. పన్నెండు నుంచి రెండున్నర దాకా మనిషి కనపడడు. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు. వాళ్ళ పెద్ద వస్తాదులు బరిలోకి దిగి ఆట ముగించే సాయంత్రం ఆరు, మనకు సరిగ్గా రెండున్నర. ఎవరో నా డ్యూటీ టైం చూసి పెట్టినట్టు ఉంటుంది.

నేను చెప్పబోయేది జపాన్ పబ్లిక్ టీవీ ఎన్‌హెచ్‌కే వాళ్ళ విదేశీ చానల్, ఎన్‌హెచ్‌కే వరల్డ్ జపాన్‌లో వచ్చే 'గ్రాండ్ సుమో హైలైట్స్' గురించి. ఫోన్‌లో యాప్ ఉంది, వెబ్‌సైట్ ఉంది, పైసా కట్టక్కర్లేదు, మధ్యలో యాడ్స్ రావు. మాట అంతా ఇంగ్లీషులోనే. 2025 మొత్తం దీన్ని పట్టుకునే ఉన్నాను.

ఎట్లా అంటుకుందో చెప్పాలి. 2025 జనవరి 26, ఆదివారం, రిపబ్లిక్ డే. శ్రీసిటీలో పనిచేసే జపాన్ ఇంజనీరు ఒకాయన మనవాళ్ళతో కలిసి దర్శనానికి వచ్చి, కారు కోసం మా సోఫాలో కూర్చున్నాడు. ఫోన్‌లో మునిగిపోయాడు. నేను వంగి చూశాను. ముగ్గురు వస్తాదులు 12 గెలుపులు, 3 ఓటములతో సమానంగా నిలబడ్డారు. ఆ ముగ్గురిలో వరసగా ఇద్దర్ని పడగొట్టినవాడికే కప్పు. ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో వివరిస్తున్నాడు, నేను మన అలవాటు ప్రకారం "ఓహో... ఓహో..." అంటూ తలూపుతున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తర్వాత తెలిసింది, ఆ ముగ్గురిలో ఒకడి పేరే ఓహో! 32 సార్లు కప్పు కొట్టిన తైహో అనే మహా వస్తాదు మనవడంట. కజకిస్తాన్ నుంచి వచ్చిన కిన్‌బోజాన్ ఆరోజు దాకా ఒంటరిగా ముందున్నాడు, అతన్ని ఓడించి పోటీని ముగ్గురి మధ్యకు లాక్కొచ్చింది కూడా ఈ ఓహోనే. చివరికి హోషోర్యూ అనే మంగోలియా వస్తాదు ఇద్దర్నీ వరసగా ఓడించాడు. ఓహో ఓడినప్పుడు ఇంజనీరు నా భుజం తట్టి ఓదార్చి మరీ కారెక్కాడు. నేను ఏం చెప్పను, బాధపడ్డట్టే నిలబడ్డాను.

ఆ వారంలోనే హోషోర్యూ 74వ యొకొజునా అయ్యాడు. సుమోలో అంతకు మించిన పదవి లేదు. నాకు మాత్రం అప్పటికి ఆ మాట కూడా తెలీదు.

ఇక సర్వీసు సంగతి. సుమోలో ఏడాదికి ఆరు పెద్ద పోటీలు. జనవరి, మే, సెప్టెంబర్ టోక్యోలో, మార్చి ఒసాకాలో, జులై నగోయాలో, నవంబర్ ఫుకువోకాలో. ఒక్కొక్కటి ఆదివారం మొదలై 15 రోజులు నడుస్తుంది. పై తరగతిలో 42 మంది, ఒక్కొక్కరికి రోజుకు ఒక్కటే కుస్తీ. అంటే రోజుకు 21 కుస్తీలు. హైలైట్స్ 25 నిమిషాల్లో వాటిని చుట్టేస్తుంది. రోజుకు నాలుగైదుసార్లు తిప్పి తిప్పి వేస్తారు, తర్వాత కొన్నాళ్ళు వెబ్‌సైట్‌లో ఉంచుతారు కూడా. మధ్యాహ్నం గెస్ట్ వచ్చి కూర్చున్నా ఇబ్బంది లేదు, రాత్రి ఇంటికి పోయి అన్నం తింటూ చూసుకోవచ్చు.

కుస్తీల కంటే నాకు ఈ కార్యక్రమంలో ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. రెండో వారంలో ముందున్నవాళ్ళ పట్టిక వేస్తారు. ఒక్కటీ ఓడనివాడు పైన, ఒకటి ఓడినవాళ్ళు కింద, రెండు ఓడినవాళ్ళు ఇంకా కింద. అదే అసలు సరుకు. అందరూ రోజుకు ఒక్క కుస్తీయే పడతారు కాబట్టి గెలుపులు లెక్కపెట్టే పని లేదు, ఓటములు చూస్తే చాలు. వడ్డీ వ్యాపారి లెక్క మాదిరి, ఎవడి బాకీ ఎంత అన్నదే ప్రశ్న.

మొదట్లో నాకు ఇది ఎక్కలేదు. ఒకసారి ఓడితే ఇంటికి పంపిస్తారనుకున్నాను. మార్చి పోటీలో ఓనొసాతో మొదటి వారంలో ఓడితే పేరు కొట్టేశాను. ఆయన 12-3తో నిలబడి, తకయాసుతో చివరి రోజు విడిగా కుస్తీ పట్టి కప్పు కొట్టాడు. కొట్టేసిన పేరు మీద మళ్ళీ రాయడానికి చోటు లేక పక్క మార్జిన్‌లో రాసుకున్నాను. మే నెలలో 14-1 చేసి ఆయన కూడా యొకొజునా అయ్యాడు, 75వ వాడు. అప్పట్నుంచి పెన్నుతో కొట్టేయడం మానేసి పెన్సిల్ వాడుతున్నాను.

ఇంకో తిరకాసు ఉంది, దాన్ని హైలైట్స్ చూస్తూ మెల్లగా పట్టుకోవాలి. 15 రోజుల జతలు ముందే వేసిపెట్టరు. ఎవడు ఎట్లా ఆడుతున్నాడో చూసుకుంటూ పెద్దలు రోజూ కూర్చుని జతలు కలుపుతారు. కింది వరసలో ఎవడైనా వరసగా గెలుస్తూ పోతుంటే, రెండో వారంలో వాణ్ణి తీసుకెళ్ళి పెద్ద పులుల ముందు నిలబెడతారు. "రా నాయనా, ఇప్పుడు చూపించు" అన్నట్టు. ఒకే గురువు శిబిరంలో ఉండేవాళ్ళను మాత్రం ఒకరి మీదకు ఒకరిని తోయరు, సమానమై విడిగా తేల్చుకోవాల్సి వస్తే తప్ప. అందుకే ఎనిమిదో రోజు పట్టిక చూసి కప్పు ఎవరిదో చెప్పేసేవాణ్ణి నమ్మొద్దు.

నాకు జులైలో ఆ పాఠం ఇంకోసారి తగిలింది. నగోయాలో కొతోషోహో అనే వస్తాదు, మాఎగాషిరా 15, అంటే పై తరగతిలో దాదాపు అట్టడుగు వరస. నా రిజిస్టర్‌లో అతని పేరే లేదు. 13-2తో కప్పు ఎత్తుకుపోయాడు. చివరి రోజు అతను ఓడించింది ఉక్రెయిన్ నుంచి వచ్చిన అవోనిషికి అనే కుర్రాణ్ణి. ఆ కుర్రాడి పేరు కింద నేను గీత గీసి పెట్టుకున్నాను, ఎందుకో అప్పుడు చెప్పలేను.

పేర్ల గురించి ఒక మాట. తెలుగోడికి ఇవి ఇట్టే నోటికొస్తాయి. మన మాటల మాదిరే చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషులో చూస్తే తడబడతాను, తెలుగులో రాసుకుంటే ఓనొసాతో అంటే ఓనొసాతోనే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 25 నిమిషాల్లో 21 కుస్తీలు పట్టాలంటే ఏదో ఒకటి కోయాలి కదా. వాళ్ళు కోసేది కుస్తీకి ముందు జరిగే తతంగం. ఇద్దరూ బరి ఎక్కడం, గుప్పెడు ఉప్పు చల్లడం, కూర్చుని కళ్ళలోకి చూసుకోవడం, మళ్ళీ లేచి పోవడం, మళ్ళీ ఉప్పు. పై తరగతిలో దానికి నాలుగు నిమిషాలు ఇస్తారు. కుస్తీ చూస్తే చాలాసార్లు పది సెకన్లు కూడా ఉండదు. వాళ్ళ బరి అడ్డంగా 4.55 మీటర్లే, ఒక్క తోపు చాలు. హైలైట్స్‌లో మనకు ఆ పది సెకన్లు దొరుకుతాయి, నాలుగు నిమిషాలు దొరకవు. నన్నడిగితే టెన్షన్ అంతా ఆ నాలుగు నిమిషాల్లోనే ఉంది. చివరి కుస్తీకి వస్తాదు ముఖం ఎర్రబడటం, హాల్లో జనం గోల మెల్లగా పెరగడం చూడకపోతే, పట్టికలో ఒక అంకె మారినట్టే ఉంటుంది.

దానికి విరుగుడు కూడా వాళ్ళ దగ్గరే ఉంది. పోటీలో కొన్ని రోజులు, ముఖ్యంగా చివరి ఆదివారం, ఆఖరి కుస్తీలను లైవ్ వేస్తారు. మనకు మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక. ఆ ఒక్కటి మాత్రం వదలొద్దు. పట్ల పేర్లు అర్థం కాకపోతే అదే సైట్‌లో 'సుమోపీడియా' అని చిన్న చిన్న వీడియోలు ఉన్నాయి. గెలిచే పట్లు అధికారికంగా 82 ఉన్నాయంట. నాకు గుర్తుపట్టడం వచ్చినవి ఏడెనిమిది. నడుంపట్టీ పట్టుకుని బయటికి నెట్టుకుపోతే యొరికిరి, పట్టు లేకుండా తోసేస్తే ఒషిదషి. ఈ రెండూ తెలిస్తే సగం ఆట తెలిసినట్టే.

తిరుపతి మనిషిగా నాకు అన్నిటికంటే నచ్చింది వేరే. వస్తాదులకు నెత్తిన సిగ ఉంటుంది కదా, ఆటలో ఉన్నన్నాళ్ళూ దాన్ని కత్తిరించరు. పెద్ద వస్తాదు రిటైర్ అయినప్పుడు ఒక వేడుక చేస్తారు. బంధువులు, స్నేహితులు, తోటివాళ్ళు, వందల మంది ఒకరి తర్వాత ఒకరు వచ్చి బంగారు రంగు కత్తెరతో తలా కొంచెం కత్తిరిస్తారు. ఆఖరి కత్తెర గురువుది. బండ మాదిరి కూర్చున్న మనిషి కళ్ళల్లో నీళ్ళు కారిపోతాయి. రోజూ కల్యాణకట్ట నుంచి గుండుకు గంధం పూసుకుని వచ్చేవాళ్ళకి తాళాలు ఇచ్చేవాణ్ణి. తల తేలికయ్యాక మనిషి ముఖం ఎట్లా మారుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక నవంబర్ 23. తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు. మధ్యాహ్నం మనిషి కనపడడని పైన రాశాను కదా, ఆ రోజు తప్ప. ఒక్క రూమ్ ఖాళీ లేదు, కౌంటర్ దగ్గర ఎక్స్‌ట్రా బెడ్ కోసం ముగ్గురు నిలబడి ఉన్నారు. ఫుకువోకాలో చివరి రోజు. ఓనొసాతో, హోషోర్యూ, అవోనిషికి ముగ్గురూ 11-3. నా బ్యాలెన్సు కాలమ్‌లో మూడు మూళ్ళు ఒకదాని కింద ఒకటి. పొద్దున్నే వార్త, భుజం దెబ్బతో ఓనొసాతో తప్పుకున్నాడని. యొకొజునాలిద్దరూ తేల్చుకోవాల్సిన ఆఖరి కుస్తీయే లేకుండా పోయింది. హోషోర్యూ ఊరికే బరి ఎక్కి, గెలుపు అందుకుని దిగుతాడు. 12-3. అంటే 21 ఏళ్ళ అవోనిషికి ముందు ఒజెకి (యొకొజునా కింది పదవి) కొతోజకురాను ఓడించి సమానం కావాలి, తర్వాత యొకొజునాతో విడిగా ఇంకో కుస్తీ పట్టాలి.

కొతోజకురాను ఓడించాడు. అంతవరకు చూశాను. "సామీ, బెడ్ ఎప్పుడిస్తారు?" అని ఒకాయన అడుగుతుంటే చెయ్యి అడ్డం పెట్టి మరీ చూశాను, తప్పే. సరిగ్గా విడి కుస్తీకి ఇద్దరూ లేచే టైంకి లాడ్జి వైఫై పోయింది. మాకు నెట్ ఇచ్చే కేబుల్ అతనికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నా ఫోన్‌లో డేటా అయిపోయింది. సరే, సాయంత్రం హైలైట్స్‌లో చూద్దాం, అప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పకుంటే చాలు అనుకున్నాను. రెండు నిమిషాలకు మేడ మీద నుంచి మా రూమ్ బాయ్ దుప్పట్లు మోసుకుంటూ అరుస్తా దిగాడు: "అన్నా, ఉక్రెయిన్ పిల్లోడు కొట్టేసినాడు!" వాడికి సుమో అంటించింది నేనే. ఎవర్ని తిట్టాలి?

ఆ రాత్రి హైలైట్స్‌లో చూశాను. ఫలితం తెలిసి చూసినా గుండె కొట్టుకుంది. ఉక్రెయిన్ వాడు కప్పు కొట్టడం అదే మొదటిసారి. పోటీ అయ్యాక అతన్ని ఒజెకిని చేశారు.

లెక్కలంటే ఇష్టం ఉండి, రోజుకు అరగంట ఇచ్చే ఓపిక ఉంటే ఈ సర్వీసు పెట్టుకోండి. మొదటి వారం తీరిక లేకపోతే ఎనిమిదో రోజు నుంచి చూడండి, ఏమీ పోదు. గంటల తరబడి చూస్తేగానీ తృప్తి తీరని క్రికెట్ మనుషులకు ఇది చాలదు. నేను ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి నాలుగు నిమిషాల ఉప్పు కోసం పట్టుకున్నాను.

డిసెంబర్ మొదట్లో మా ఓనరన్న రిజిస్టర్ తిరగేస్తూ వెనక పేజీల దాకా పోయాడు. విడి కుస్తీలో ఓడింది 15 రోజుల లెక్కలోకి రాదు కాబట్టి హోషోర్యూ పేరు ఎదురుగా మూడే ఉంది. కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఏంరా, ఈ హోషోర్యూ ఎవురప్పా? మూడు బ్యాలెన్సు పెట్టి పోయినాడే, మూడు వేలా?"

"జనవరిలో మళ్ళీ వస్తాడన్నా" అన్నాను.

"వస్తే ముందు అది కట్టించుకో" అని పేజీ తిప్పేశాడు.